జోడు పస్తు

ఒకరు కడుపు మాడ్చుకుంటే ఆ పుణ్యం ఇంకొకరికి ఎలా చేరుతుంది? భ్రమరాంబకు ఈ అనుమానం కాపురానికి వచ్చిన కొత్తలోనే పుట్టింది. అత్తగారు చిన్న కొడుకు ఉద్యోగం కోసం మంగళవారాలు పస్తుండేది. ఆ చిన్న కొడుకు మాత్రం అదే మంగళవారం పూట మినప రొట్టె మీద రెండో గరిటె నెయ్యి వేయించుకుని తినేవాడు. ఉద్యోగమూ వచ్చింది. "ఆవిడ పస్తుకీ మా మరిది కొలువుకీ దారి ఎక్కడుందండీ?" అని వ్రతం చేయించడానికి వచ్చిన పురోహితుణ్ణి ఒకసారి అడిగేసింది. ఆయన తాంబూలం సంచిలో సర్దుకుంటూ నవ్వి, "ఉత్తరం డబ్బాలో వేశాక అది ఏ బండెక్కి వెళ్తోందో అడుగుతామా తల్లీ?" అన్నాడు.

మాట బాగానే ఉంది. అనుమానం మాత్రం పోలేదు. అలాగని ఆమె ఉపవాసాలు మానిందీ లేదు. దీపం వెలిగిస్తూనే దేవుణ్ణి ప్రశ్న అడిగే మనిషి. ప్రశ్న కోసం దీపం ఆర్పే రకం కాదు.

ఆమెకు నిగమ ఒక్కతే కూతురు. తెలివి తక్కువ పిల్ల కాదు. దానితో వచ్చిన చిక్కల్లా, ఒక ప్రశ్న నచ్చితే దాని దగ్గరే కూర్చుండిపోతుంది. పరీక్షలో మొదటి ప్రశ్నకు పేజీల కొద్దీ రాస్తుంది, చివరి రెండూ తెల్లగా వదిలేసి వస్తుంది. "రాసినదాంట్లో తప్పు పట్టడానికి లేదండి. కానీ రాయనిదానికి మార్కులు ఎక్కణ్ణించి తెచ్చి వెయ్యమంటారు?" అని లెక్కల మాస్టారు చేతులెత్తేశారు. జీపీఏ ఎనిమిదిన్నర దగ్గర ఆగిపోయింది.

ఎనిమిదిన్నరతో కాకినాడలో చాలా కాలేజీలు పిలిచి సీటిస్తాయి. కానీ ఆ పిల్లకు కావలసింది విశాఖపట్నంలోని సముద్ర విజ్ఞాన పీఠం. దేశం మొత్తం మీద పిడికెడు మందిని తీసుకుంటారు. తొమ్మిదిన్నర లేకపోతే దరఖాస్తు తెరిచి కూడా చూడరు. చిన్నప్పుడు ఒకసారి తండ్రి స్కూటరు మీద ఉప్పాడ తీరానికి తీసుకెళ్తే, సముద్రం కోసేసిన రోడ్డు చివర నిలబడి, "అటూ ఇటూ వదిలేసి ఇక్కడే ఎందుకు కొడుతోంది నాన్నా?" అని అడిగింది. తండ్రి ఫణీంద్రకు బ్యాటరీల కొట్టుంది. కరెంటు సంగతి అడిగితే చెప్పగలడు కానీ సముద్రం సంగతి ఆయనకేం తెలుసు? ఆ పిల్ల ఆ ప్రశ్న దగ్గర కూర్చుండిపోయింది. ఇంకా లేవలేదు.

పక్కింటి లలిత కొడుకు జీపీఏ తొమ్మిది పాయింటు తొమ్మిది. గోడ మీంచి పలకరించేది. "అంతొచ్చినా మాకు నిద్ర పట్టట్లేదు వదినా. మీకెలా పడుతోందో!"

అలాంటి సమయంలో పీఠం వాళ్ళు కొత్త వాకిలి ఒకటి తెరిచారు. మార్కులు తక్కువైన పిల్లలకు జోడు పరీక్ష.

పిల్ల తలకు టోపీ పెట్టి ఒక పూట కూర్చోబెడతారు. ఆ పిల్ల మనసు ఎలా ఉందో అలాగే యంత్రంలో అచ్చు తీస్తారు. ఆ అచ్చే జోడు. నాలుగేళ్ల చదువునూ ఆ జోడు చేత యంత్రం లోపల పన్నెండు రోజుల్లో చదివిస్తారు. అది బాగా గట్టెక్కితే అసలు పిల్లకు సీటిస్తారు. జన్మకు ఒక్కసారే అవకాశం.

"చదువు అయిపోయాక ఆ జోడు ఏమవుతుందండీ?" అని ఫణీంద్ర ఫోనులో అడిగాడు.

"నిద్రపుచ్చుతామండి."

"అంటే?"

"అంటే... ఆపేస్తామండి."

ఫణీంద్ర ఫోను పెట్టేసి, "చార్జింగ్ తీసేస్తారంట" అన్నాడు భార్యతో. ఆ మాట ఆమెకు ఎక్కడో కలుక్కుమంది. కానీ సీటు మీద ఆశ దాన్ని కప్పేసింది.

తేదీ చూసేసరికి భ్రమరాంబ ముఖం వికసించింది. కార్తీక సోమవారం! ఎవరో కావాలని వేసినట్టు పడింది. "శివుడే వేయించాడే" అంది. నిగమ చేత ఉపవాసం ఉండాలనిపించింది. ఆమె లెక్క ఆమెకుంది. ఒకరి పస్తు ఇంకొకరికి చేరుతుందా అన్నదే కదా ఇన్నేళ్ల అనుమానం. ఎవరి సీటు కోసం వాళ్లే పస్తుంటే ఇక పుణ్యం దారి తప్పే ప్రశ్నే లేదు.

"టిఫిన్ చేసి రమ్మన్నారు కదమ్మా" అంది నిగమ.

"రక్తం తీసేటప్పుడూ అలాగే అంటారు, కళ్లు తిరుగుతాయని. నీకు తిరుగుతాయా? పోయినేడాది నాలుగు సోమవారాలూ ఉన్నావు, రాయిలా ఉన్నావు. సాయంత్రం దీపాలు పెట్టుకుని కంద బచ్చలి కూర చేసుకుందాం."

కంద బచ్చలి అనేసరికి పిల్ల ఒప్పుకుంది.

పీఠం సముద్రానికి ఎదురుగా గుట్ట మీదుంది. వరండాలో కూర్చుని పిలుపు కోసం చూస్తుండగా భ్రమరాంబ కూతురి చెవిలో చెప్పింది. "తిన్నావా అంటే తిన్నానను. ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లు అడిగినా అంతే. వ్రతం బయటికి చెప్పుకుంటే ఫలం పోతుంది."

జోడు విభాగం చూసే డాక్టర్ రెహనా ముప్ఫై ఏళ్ల మనిషి. మాట మెత్తన. లోపలికి రాగానే అదే అడిగింది. "కడుపు నిండా తిన్నావా అమ్మా?"

"తిన్నాను మేడం."

"ఏం తిన్నావు?"

నిగమ తల్లివైపు చూసింది. "ఇడ్లీ అండీ. కొబ్బరి చట్నీతో" అంది భ్రమరాంబ చప్పున.

మధ్యాహ్నానికల్లా అయిపోయింది. నిగమ టోపీ తీసి, జిగురు అంటిన జుట్టు తుడుచుకుంటూ, "ఏమీ తెలీలేదమ్మా. ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నట్టుంది" అంది. చీకటి పడేసరికి ఇంటికి చేరారు. దీపాలు పెట్టి, వేడన్నంలో కంద బచ్చలి కలుపుకుని, పిల్ల రెండుసార్లు మారు వడ్డించుకుంది.

ఏడాది చదువు అయినప్పుడల్లా జోడును ప్రశ్నలడిగి, ఆ జవాబులు కాస్సేపు ఇంట్లోవాళ్లకు వినిపించడం పీఠం వారి పద్ధతి. మూడో రోజు సాయంత్రం ఫోను మోగింది. లలిత కూడా పిలవకుండానే వచ్చి కుర్చీ లాక్కుంది.

జోడు గొంతు అచ్చం నిగమదే. అసలు నిగమ జంతిక నములుతూ, "నా గొంతు అంత పీలగా ఉంటుందా?" అని సిగ్గుపడింది. జోడు మాత్రం ఎక్కడా తడుముకోవడం లేదు. అడిగింది అడిగినట్టు చెప్పి తర్వాతి ప్రశ్నకు సిద్ధమవుతోంది. చివర డాక్టర్ రెహనా మాట్లాడింది. "అన్ని పేపర్లూ పూర్తిగా రాసిందండి. ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు. మా పెద్దవాళ్లు చాలా సంతోషంగా ఉన్నారు."

"మీ నిగమ పేపరు పూర్తిగా రాసిందా?" అంది లలిత. "ఆ యంత్రం మీద నమ్మకం పోయింది వదినా నాకు!"

అందరూ నవ్వారు. ఫణీంద్ర పాలకోవా తెచ్చాడు. భ్రమరాంబ దేవుడి ముందు నిలబడి లెంపలేసుకుంది. పస్తు ఫలించింది.

ఆరో రోజు మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి ఇంట్లో ముగ్గురే ఉన్నారు. కెరటాలు ఇసుకను ఎలా మోసుకెళ్తాయని ఎవరో పెద్దాయన అడిగారు.

"పొంగలి ఉడికేటప్పుడు చూడండి సర్" అంది జోడు. "గిన్నె మధ్యలో తెర్లుతుంటే మెతుకులన్నీ అంచుకు చేరతాయి. నెయ్యి వేస్తే నెయ్యి కూడా అక్కడికే పోతుంది. తీరం గిన్నె అంచులాంటిది."

"భలే. మరి రాతిగోడ కడితే?"

"అట్టు పెనం మీద ఒకవైపే అంటుకుంటే చూస్తాం కదా సర్, గరిటెతో అక్కడ గీకితే పక్కన చిరుగుతుంది. అలా పక్క ఊరి ఇసుక పోతుంది."

పెద్దలు మెచ్చుకోవడం వినిపించింది. ఫణీంద్ర తొడ చరిచాడు. "చూశావా, ఎంత విడమర్చి చెప్తోందో!"

రెండు జవాబుల మధ్య భ్రమరాంబకు ఒక చిన్న చప్పుడు వినపడింది. గుటక. ఉపవాసం పూట వంటింటి గుమ్మంలో నిలబడి, పోపు వాసనకు పిల్ల మింగే గుటక. దానికి ఆకలేసినప్పుడు గొంతు ఇలాగే సన్నబడుతుంది, మాట ఇలాగే పరిగెడుతుంది. పని తెమిలితే తిండి పెడతారన్నట్టు.

"నిగమా, ఆ పొంగలీ అట్టూ... నువ్వైతే అలా చెప్తావా?"

"నాకు అట్టు తిప్పడమే రాదు కదమ్మా" అని నవ్వింది పిల్ల.

మర్నాడు పొద్దున్న ఫణీంద్ర కొట్టుకు, నిగమ స్నేహితురాలింటికి వెళ్లాక, భ్రమరాంబ పొయ్యి మీద పప్పు పెట్టి డాక్టర్ రెహనాకు ఫోను చేసింది.

"అమ్మా, నేనొకటి అడుగుతాను. ఆ టోపీ పెట్టిన పూట ఎవరికైనా జలుబో జ్వరమో ఉంటే?"

"అచ్చు పడినప్పుడు ఎలా ఉంటే చివరిదాకా అలాగే ఉంటారండి. ఒంటి సంగతి మారదు. మొదట్లో ఒకబ్బాయి తలనొప్పితో వచ్చి చెప్పలేదు. ఆ జోడు పాపం నాలుగేళ్లూ తలనొప్పితోనే చదివింది. అందుకే ఇప్పుడు ఒకటికి రెండుసార్లు అడుగుతాం. నిద్ర పోయారా, తిన్నారా అని. ఎందుకండీ?"

కుక్కరు కూత వేసింది. భ్రమరాంబ పొయ్యి కట్టేసింది.

"మా అమ్మాయి ఆ రోజు తినలేదమ్మా. కార్తీక సోమవారం. నేనే ఉపవాసం పెట్టాను. నేనే అబద్ధమాడాను."



"మరి అదెప్పుడూ చెప్పలేదే!" అంది రెహనా. "ప్రతి పరీక్ష ముందూ అడుగుతామండి, నీకేమైనా ఇబ్బందిగా ఉందా అని. 'ఏం లేదు మేడం, తిన్నాను' అంటుంది. తిన్నాను అని ఎందుకంటోందా అనుకున్నాను కూడా. తాను జోడునని దానికి తెలుసు, అక్కడ తిండి ఉండదనీ తెలుసు."

"నేనే చెప్పొద్దన్నాను. ఎవరు ఎన్నిసార్లు అడిగినా."

రెండేళ్లు దాటింది దానికి. రెండేళ్లుగా కడుపులో మంట పెట్టుకుని, వరండాలో తల్లి చెవిలో చెప్పిన మాటను కాపాడుకుంటూ వస్తోంది. భ్రమరాంబ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"దానికి అన్నం పెట్టడానికి ఏదైనా దారుందా?"

"ఉందీ, లేదూ" అంది రెహనా. "దాని వేగాన్ని మన వేగానికి దించితే అసలు పిల్ల తినేది దానికి అందుతుంది. కానీ దించాలంటే నిగమ వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి, ఆ అమ్మాయి గుండె వేగమే దానికి గడియారం. ఒకసారి దించామా, పరీక్ష రద్దు. జోడును అక్కడే ఆపేయాలి. మళ్లీ అవకాశం ఉండదు." కాస్త ఆగి, గొంతు తగ్గించింది. "ఇప్పుడున్న లెక్కన సీటు వచ్చినట్టేనండి. అందరికన్నా ముందుంది. ఇంకో ఐదు రోజులు. నేనైతే పైకి చెప్పాలి. కానీ సాయంత్రం దాకా ఈ ఫోను రాలేదనుకుంటాను. మీ ఇంట్లో మాట్లాడుకోండి."

"ఇక్కడ ఒక గంటంటే దానికెంత?"

"అయిదు రోజులుంటుంది."

ఆ మాట తర్వాత భ్రమరాంబ ఏ పనీ చేయలేకపోయింది. గిన్నె తోమితే దానికి అరపూట. భర్త భోజనానికి వచ్చేదాకా ఎదురుచూస్తే దానికి పదిహేను రోజులు. కంచంలో అన్నం పెట్టుకుని, ముట్టకుండా కాకులకు వేసింది.

ఫణీంద్ర అంతా విని చాలాసేపు మీసం నలుపుకుంటూ కూర్చున్నాడు.

"ఐదు రోజులే కదే" అన్నాడు.

"మనకి."

"మనకే. దానికేంటి? అది మనిషా? యంత్రంలో అచ్చు. నా కొట్లో బ్యాటరీకి దాహమేస్తోందని నేను ఏడవాలా?"

"బ్యాటరీ మీ గొంతుతో మాట్లాడుతుందా? నేను చెప్పిన మాట రెండేళ్లు దాచుకుంటుందా?"

"నువ్వే పెట్టావు పస్తు, నువ్వే ఫలం వద్దంటావు. ఇదేం న్యాయం?" గొంతు పెంచాడు, వెంటనే తగ్గించాడు. "చూడూ, ఆ పిల్ల చిన్నప్పట్నుంచి ఒక్కటే అడిగింది. ఒక్కటి. నేను సముద్రం గురించి ఏమీ చెప్పలేకపోయాను. ఇదైనా ఇవ్వనీ."

అప్పుడే నిగమ వచ్చింది. తలుపు దగ్గరే సగం వినేసింది. దాచి లాభం లేదని తల్లి మొత్తం చెప్పింది.

నిగమ మొదట అన్న మాట, "నాకా సీటు కావాలమ్మా." పిల్ల నిజమే చెప్పింది. భ్రమరాంబ తలదించుకుంది. తన బిడ్డను కాదని యంత్రంలో బిడ్డకు వత్తాసు పలుకుతున్నానా అనుకుంది. దేవుడి గదివైపు చూసింది.

నిగమ ఫోను తీసుకుని అందులో రికార్డయిన నిన్నటి జవాబులు మళ్లీ పెట్టుకుంది. ఒకసారి వింది. వెనక్కి జరిపి మళ్లీ వింది. తండ్రి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మూడోసారి వినేటప్పుడు నిగమ గొంతు కూడా తనకు తెలియకుండానే గుటక వేసింది.

"నాన్నా, ఇది పేపరంతా రాసేస్తోంది" అంది.

"అదే కదమ్మా గొప్ప."

"నేను రాయను కదా. నాకు అలా రాదు. ఆ గోడ ప్రశ్న అడిగారు చూడు, నేనైతే అక్కడ ఆగిపోతాను. గోడ కడితే పక్క ఊరికి ఎంత నష్టం, ఎన్నేళ్లకి, ఎటువైపు... ఇది ఆగలేదు. ఒక్క ముక్క చెప్పేసి పరిగెత్తింది. ఎందుకంటే దానికి తొందర. అయిపోతే చాలని." ఫోను బల్ల మీద పెట్టింది. "వాళ్లకి నచ్చింది నేను కాదు నాన్నా, నా ఆకలి. నన్ను చేర్చుకున్నాక ఏం చేస్తాను? నాలుగేళ్లు రోజూ పస్తుండి క్లాసుకు వెళ్లనా?"

"లలితమ్మ గోడెక్కి కూర్చుంటుంది" అని మాత్రం అన్నాడు ఫణీంద్ర.

"కూర్చోనీ. దిగలేకపోతే మనమే నిచ్చెనేద్దాం" అంది నిగమ. నవ్వబోయి ఏడ్చేసింది.

భ్రమరాంబ డాక్టర్ రెహనాకు ఫోను చేసి పరీక్ష వద్దని చెప్పింది. రెహనా నిట్టూర్చి, "అయితే మీరు రానక్కర్లేదండి. ఇక్కడే ఆపేస్తాను. దానికేమీ తెలియదు" అంది.

"ఇప్పుడే ఆపేస్తే?"

"ఆకలి అక్కడితో పోతుంది."

"పోవడం కాదమ్మా. ఆకలితో ఉన్నదాన్ని అలా పంపకూడదు. మేము రేపు పొద్దున్నే బయల్దేరి వస్తాం."

"మధ్యలో ఆపితే మళ్లీ లేవదు, అప్పటిదాకా అది నడుస్తూనే ఉంటుందండీ. మీరొచ్చేసరికి దానికి ఇంకో మూడు నెలలు. ఆలోచించుకోండి."

అదే భ్రమరాంబ జీవితంలో అన్నిటికన్నా కష్టమైన లెక్క. ఒకవైపు ఈ క్షణమే ఆరిపోయే ఆకలి. ఇంకోవైపు మూడు నెలలు మండి, అన్నం చూసి చల్లారే ఆకలి. బిడ్డను అడగకుండా ఒకసారి పస్తు పెట్టింది. ఇప్పుడు అడగకుండా ఆపేయడమూ తన చేతిలో పనే. ఆమె కళ్లు మూసుకుని, "ఉంచమ్మా" అంది. "వస్తున్నాం."

తెల్లారకుండానే లేచి తలంటుకుంది. కంద తరిగితే చేతులు దురదెక్కాయి. బచ్చలి కోసి, చింతపండు పిసికి, చివర ఆవపిండి కలిపింది. వేడన్నం గిన్నెకు తువ్వాలు చుట్టింది. బండిలో కిటికీ పక్కన ఒళ్లో కేరియర్ పెట్టుకుని కూర్చుంది. ఫణీంద్ర తునిలో దిగి, టీ తెచ్చి ఇస్తే వద్దంది. ఆయనా తాగకుండా కిటికీలోంచి పారబోశాడు. నిగమ ఫోనులో కాకినాడ కాలేజీల దరఖాస్తులు చూస్తూ, మధ్యలో ఒకసారి, "ఇక్కడ సముద్రం గురించి ఒక్క పేపరే ఉంది నాన్నా" అంది.

"ఒక్కటి చాలదా నీకు? నీకు ఒక్కటిస్తే నాలుగేళ్లు కూర్చుంటావు" అన్నాడు ఆయన. కూతురు తండ్రి భుజం మీద తల పెట్టింది.

గుట్టెక్కేసరికి మిట్టమధ్యాహ్నం. డాక్టర్ రెహనా గుమ్మంలోనే ఎదురొచ్చింది. పైవాళ్లకు చెప్పేశానని, రద్దు కాగితం మీద సంతకం కూడా అయిపోయిందని చెప్పింది. కేరియర్ చూసి ఒక్క క్షణం ఆగింది. ఈ గదిలోకి తిండి తీసుకురాకూడదని గోడ మీద రాసి ఉంది.

"నేనూ రోజాలుంటానమ్మా" అంది నెమ్మదిగా. "సాయంత్రం ఖర్జూరం నోట్లో పడుతుందన్న నమ్మకమే రోజంతా నిలబెడుతుంది. ఆ సాయంత్రమే రాకపోతే..." తలుపు తీసి పట్టుకుంది. "రండి."

నిగమ కుర్చీలో కూర్చుంది. టోపీ పెట్టారు. రెహనా ఏదో తిప్పుతుంటే గదిలోని సన్నటి ఈల చప్పుడు మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చింది, పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరి నెమ్మదించినట్టు. గోడ మీది స్పీకరు గరగరమంది.

"మేడం? ఇంకా పేపరు అవలేదండీ" అంది జోడు గొంతు.

"పేపరు లేదే ఇంక" అంది నిగమ.

"నువ్వా? నువ్వెందుకొచ్చావు? ఏమైంది, తప్పానా?"

"తప్పలేదు. ఫస్టు."

"మరి?"

"మరేం లేదు. అమ్మ అందరికీ చెప్పేసింది, తినలేదని."

స్పీకరులోంచి చాలా చిన్నగా, "నేను చెప్పలేదమ్మా" అంది. "ఎవరడిగినా చెప్పలేదు."

భ్రమరాంబ కేరియర్ మూత తీస్తూ ఆగిపోయింది. కళ్లు కనిపించడం లేదు. ఫణీంద్ర గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె చేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకుని, అన్నంలో కూర వేసి, నెయ్యి వేసి కలపసాగింది.

"ఆ వాసన..." అంది జోడు. "కంద బచ్చలా? ఆవ కూడా పెట్టావా?"

"పెట్టాను."

"ఆ రోజు దీనికి మారు వడ్డించే ఉంటావు."

"రెండుసార్లు" అంది నిగమ. "సిగ్గు లేకుండా తిన్నాను."

"తెలుసులే. నేనైనా అంతే."

ఇద్దరూ ఒక్కలాగే నవ్వారు. రెహనా కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

భ్రమరాంబ మొదటి ముద్ద చేసి నిగమ నోటి దగ్గరికి తెచ్చింది. అప్పుడు స్పీకరులోంచి జోడు అడిగింది. "ఆగమ్మా. చుక్క పొడిచిందా?"

కార్తీక సోమవారం నక్షత్రం చూడకుండా ఉపవాసం విడవరు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ విడవలేదు. భ్రమరాంబ కిటికీలోంచి చూసింది. సముద్రం మీద ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. పొడిచిందని ఒక్క మాట అంటే చాలు. జోడుకు కిటికీ లేదు. కానీ ఈ బిడ్డ పేరు మీద ఒక అబద్ధం అప్పుడే ఆడేసింది, ఇంకొకటి నోట రాలేదు.

"లేదు తల్లీ" అంది. "ఇంకా మధ్యాహ్నమే."

"మరెలా?"

"శివుడికి నేను చెప్పుకుంటాను. నువ్వు తిను."

ముద్ద నోట్లో పెట్టింది. నిగమ నమిలింది. మింగింది. రెండో ముద్ద. మూడోది. చిన్నప్పుడు జ్వరం తగ్గాక పెట్టినట్టు, ముద్దకు ముద్దకు మధ్య కొంచెం ఆగి, కారం ఎక్కువైతే నెయ్యి కలిపి పెడుతోంది.

"నెమ్మదిగా, అమ్మా" అంది జోడు ఒకసారి. "తొందరేం లేదు ఇప్పుడు."

"అవును, తొందరేం లేదు."

"ఆ గోడ సంగతి నేను సరిగ్గా చెప్పలేదు. పక్క ఊరికి పోయే ఇసుక... మధ్యలో ఎక్కడో ఆగుతుంది. అన్నం తిన్నాక ఆలోచిస్తాను."

"నేను ఆలోచిస్తాలే" అంది నిగమ నోటినిండా ముద్దతో. "నువ్వు తిను ముందు."

కేరియర్ గిన్నె అడుగు కనిపించింది. చివర పెరుగన్నం కలిపి, ఉప్పు వేసి పెట్టింది. చివరి ముద్ద అయ్యాక మంచినీళ్లు తాగించి, కొంగుతో కూతురి మూతి తుడిచింది. తుడిచాక, ఏం చేయాలో తోచక, అదే కొంగుతో స్పీకరు మీద దుమ్ము కూడా తుడిచింది.

"నిద్రొస్తోందమ్మా" అంది జోడు. "నిండిపోయింది."

రెహనా ఆమెవైపు చూసింది. భ్రమరాంబ తలూపింది. రెహనా చెయ్యి మీట మీదికి వెళ్తుండగా, స్పీకరులోంచి సన్నగా, తృప్తిగా, ఒక త్రేన్పు వినిపించింది.